రాసేది కొంత.. వెతికేది ఎంతో!

కోడ్ ఎడిటర్‌లో కర్సర్ కదలిక, ఎంపికలపై పట్టు సాధిస్తేనే ప్రయోజనం
కంప్యూటర్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన మెలకువలు

ప్రాక్టికల్ పరీక్ష ముగియడానికి ఇంకా పది నిమిషాలే గడువు ఉంది. ప్రోగ్రాం దాదాపు పూర్తయింది. లూపులో 'ఐ' అని పెట్టుకున్న వేరియబుల్‌ను 'జె'గా మార్చితే సరిపోతుందని ఆ డిగ్రీ విద్యార్థిని భావించింది. ఒక్కొక్కటిగా వెతికి మార్చే వ్యవధి లేక, 'అన్నిటినీ మార్చు' అనే ఆదేశాన్ని ఎంచుకుంది. రెప్పపాటులో ప్రోగ్రాం రూపురేఖలే మారిపోయాయి. సి భాషలోని 'ఇంట్', 'ఇఫ్', 'వైల్', 'ప్రింట్‌ఎఫ్' వంటి మాటలన్నిటిలోనూ ఆంగ్ల 'ఐ' అక్షరం ఉంది. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్లు చేసింది. ఆ మాటల్లోని 'ఐ'లన్నీ 'జె'లయ్యాయి. కంపైల్ చేయగా తెర నిండా దోషాలే కనిపించాయి. చేసిన మార్పును వెనక్కు తీసుకునే మీట తెలియక, ఒక్కో మాటను చేత్తో దిద్దుకుంటూ ఉండగానే గంట మోగింది.

ప్రోగ్రాం రాయడం రాక కాదని, దిద్దడం తెలియకే మార్కులు పోయాయని ఆ విద్యార్థిని తర్వాత ఈ విలేకరి వద్ద వాపోయింది. ఇది ఆమె ఒక్కరి సమస్య కాదు. గ్రామీణ ప్రాంత కళాశాలల్లో కంప్యూటర్ కోర్సులు చదివే విద్యార్థులు భాషా నియమాలను కంఠస్థం చేస్తున్నారు. అల్గారిథమ్‌లను నోటు పుస్తకాల్లో చక్కగా రాస్తున్నారు. అయితే తెరపై ఉన్న రాతలో కావలసిన చోటుకు వెళ్లడం, కావలసినంత మేరకే ఎంపిక చేసుకోవడం అనే ప్రాథమిక విద్యను వారికి ప్రత్యేకంగా నేర్పేవారు తక్కువ. అది వాడగా వాడగా అదే వస్తుందిలే అని వదిలేయడం పరిపాటిగా మారింది. ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్నవారికి అది వస్తుందేమో గానీ, వారానికి కొన్ని గంటలు మాత్రమే ల్యాబ్‌లో కూర్చునే విద్యార్థికి రావడం కష్టమే.

ఈ విలేకరికీ తప్పలేదు

ఈ వ్యాసకర్త ప్రోగ్రామర్ కాదు. వార్తలు టైపు చేసి పంపే గ్రామీణ విలేకరి మాత్రమే. అయినా ఈ పాఠం స్వానుభవంతోనే నేర్చుకోవలసి వచ్చింది. చాలా ఏళ్ల క్రితం ఒక వర్షాకాలంలో చెరువుకు గండి పడిన వార్తను మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌లో కూర్చుని రెండు గంటల పాటు టైపు చేయడం జరిగింది. మొత్తం వార్తను కాపీ చేయాలని కంట్రోల్+ఎ నొక్కి, ఆ తర్వాత సి నొక్కబోయి దాని పక్కనే ఉన్న వి నొక్కడంతో వార్త అంతా మాయమై, అంతకు ముందెప్పుడో కాపీ చేసిన ఒక ఫోన్ నంబరు ఆ స్థానంలో ప్రత్యక్షమైంది. కంగారులో ఫైలును సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూస్తే మిగిలింది ఆ నంబరే. మూయక ముందు కంట్రోల్+జడ్ నొక్కి ఉంటే వార్త తిరిగి వచ్చేదని నెట్ సెంటర్ కుర్రవాడు చెప్పేసరికి ఆలస్యమైపోయింది.

పొరపాటు కంప్యూటర్‌ది కాదు. ఏది ఎంపికై ఉందో గమనించకుండా మరో మీట నొక్కడమే ఆ పొరపాటు. ఎంపికై ఉన్న భాగంపై ఏ అక్షరం నొక్కినా ఆ భాగం పోయి ఆ అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఎంపికకు ఉన్న శక్తీ అదే, ప్రమాదమూ అదే.

కోడ్ ఎడిటర్ అంటే..

ఉత్తరాలు, దరఖాస్తులు రాసుకునే సాఫ్ట్‌వేర్‌కూ, ప్రోగ్రాములు రాసే కోడ్ ఎడిటర్‌కూ తేడా ఉంది. మొదటి దానిలో అక్షరాల సైజు, రంగు, పేజీ అమరిక ముఖ్యం. కోడ్ ఎడిటర్‌లో అవేవీ ఫైలులోకి చేరవు. రాత మాత్రమే ఉంటుంది. అందులో ఒక్క సెమీకోలన్ తప్పినా ప్రోగ్రాం నడవదు. 2003లో విడుదలైన నోట్‌ప్యాడ్++, 2015లో మైక్రోసాఫ్ట్ సంస్థ తీసుకువచ్చిన విజువల్ స్టూడియో కోడ్ ఈ కోవకు చెందినవే. ఈ రెండింటినీ ఉచితంగానే పొందవచ్చు.

ప్రోగ్రామర్ పనిలో కొత్తగా టైపు చేసేది కొంతే. రాసిన దానిని చదవడం, దోషం ఉన్న వరుసకు వెళ్లడం, ఒక పేరును మార్చడం, ఒక భాగాన్ని తీసి మరో చోట పెట్టడం వంటి పనులే అధికం. ఇవన్నీ రెండు క్రియలపై ఆధారపడి ఉన్నాయి. ఒకటి కర్సర్‌ను కదిలించడం. రెండు రాతను ఎంపిక చేయడం.

మౌస్ వద్దకు వెళ్లి వస్తే రెండు సెకన్లు

మౌస్ ఉండగా ఈ మీటల గొడవ ఎందుకనే ప్రశ్న సహజం. దీనికి శాస్త్రీయమైన సమాధానమే ఉంది. స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూవెల్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్ పనులకు పట్టే కాలాన్ని అంచనా వేసే పద్ధతిని 1980లో ప్రచురించారు. దాని ప్రకారం చేతిని కీబోర్డు నుంచి మౌస్‌కు మార్చడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. తెరపై ఒక చోటును గురి చూసి చేరడానికి సుమారు 1.1 సెకన్లు పడుతుంది. తిరిగి చేతిని కీబోర్డుపైకి తేవడానికి మరో 0.4 సెకను. మధ్యలో క్లిక్ చేయడం కూడా కలుపుకుంటే ఒక్కో ప్రయాణానికి రెండు సెకన్లు అవుతుంది. నేర్పు గల టైపిస్టుకు ఒక మీట నొక్కడానికి పట్టేది 0.2 సెకను మాత్రమే.

అంతమాత్రాన ప్రతి సందర్భంలోనూ కీబోర్డే వేగమని అనుకోరాదు. నలభై వరుసల కిందికి వెళ్లడానికి బాణం మీటను నలభైసార్లు నొక్కితే ఎనిమిది సెకన్లు పడుతుంది. అంతకంటే మౌస్‌తో ఒక్క క్లిక్ చేయడమే మేలు. మౌస్‌ను ఓడించేది బాణం మీట కాదు, పెద్ద అంగలు వేయించే మీటలే.

నడక, అంగ, గెంతు

కర్సర్ కదలికను నాలుగు స్థాయిలుగా గుర్తు పెట్టుకుంటే సులభం. కింద పేర్కొన్న మీటలు విండోస్ కంప్యూటర్లకు సంబంధించినవి. మాక్ కంప్యూటర్లలో ఇవి కొంత వేరుగా ఉంటాయి.

మొదటిది అక్షరం. కుడి, ఎడమ బాణాలతో కర్సర్ ఒక్కో అక్షరం చొప్పున నడుస్తుంది.

రెండవది మాట. కంట్రోల్ మీటను నొక్కి ఉంచి బాణం నొక్కితే కర్సర్ మాట నుంచి మాటకు అంగ వేస్తుంది. అలాగే కంట్రోల్+బ్యాక్‌స్పేస్ నొక్కితే వెనుక ఉన్న మాట మొత్తం చెరిగిపోతుంది.

మూడవది వరుస. హోమ్ మీట వరుస మొదటికి, ఎండ్ మీట వరుస చివరకు తీసుకుపోతాయి. ప్రోగ్రాములలో వరుసలు కొంత ఖాళీ వదిలి మొదలవుతాయి కాబట్టి విజువల్ స్టూడియో కోడ్‌లో హోమ్ మీటను ఒకసారి నొక్కితే రాత మొదలైన చోటుకు, రెండవసారి నొక్కితే అంచుకు కర్సర్ చేరుతుంది.

నాలుగవది ఫైలు. కంట్రోల్+హోమ్ ఫైలు ఆరంభానికి, కంట్రోల్+ఎండ్ చివరకు గెంతిస్తాయి. పేజీ అప్, పేజీ డౌన్ మీటలు తెర నిడివి మేరకు పైకీ కిందికీ జరుపుతాయి.

ఇక దోషాల సవరణలో ఎక్కువగా అక్కరకు వచ్చేది కంట్రోల్+జి. కంపైలర్ ఫలానా వరుసలో తప్పు ఉందని సంఖ్య చెబుతుంది. కంట్రోల్+జి నొక్కి ఆ సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ వరుసకే చేరవచ్చు. విజువల్ స్టూడియో కోడ్‌లోనూ, నోట్‌ప్యాడ్++లోనూ ఈ మీట ఒకటే కావడం గమనార్హం.

షిఫ్ట్ మీటే కీలకం

కదలిక నేర్చుకున్న వారికి ఎంపిక నేర్చుకోవడం ఒక్క నిమిషం పని. పైన చెప్పిన నాలుగు స్థాయిల కదలిక మీటలకు షిఫ్ట్ జోడిస్తే చాలు. కర్సర్ నడిచిన మేర అంతా ఎంపికవుతుంది. షిఫ్ట్+కుడి బాణంతో ఒక అక్షరం, కంట్రోల్+షిఫ్ట్+కుడి బాణంతో ఒక మాట, షిఫ్ట్+ఎండ్‌తో వరుస చివరి వరకు, కంట్రోల్+షిఫ్ట్+ఎండ్‌తో ఫైలు చివరి వరకు ఎంపిక జరుగుతుంది. వేరే మీటలు బట్టీ పట్టవలసిన పని లేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. భూమి కొలిచేటప్పుడు గొలుసు ఒక కొసను గుంజ దగ్గర ఒకరు పట్టుకుని నిలబడతారు. రెండో కొస పట్టుకుని మరొకరు నడుస్తారు. ఎంపిక కూడా అంతే. మొదలుపెట్టిన చోటు గుంజ. అది కదలదు. కర్సర్ నడిచే మనిషి. ఎక్కువ దూరం వెళ్లామనుకుంటే షిఫ్ట్ వదలకుండా వెనక్కు నడిస్తే ఎంపిక తగ్గుతుంది. చాలామంది విద్యార్థులు ఒక్క అక్షరం ఎక్కువైనా ఎంపికను పూర్తిగా వదిలేసి మౌస్‌తో మళ్లీ మొదటి నుంచి లాగుతుంటారు. ఆ శ్రమ అనవసరం.

మౌస్ వాడేవారికీ షిఫ్ట్ ఉపకరిస్తుంది. ఆరంభంలో ఒకసారి క్లిక్ చేసి, మౌస్ చక్రంతో ఎంత దూరమైనా జరిపి, చివర షిఫ్ట్ నొక్కి ఉంచి క్లిక్ చేస్తే మధ్య భాగమంతా ఎంపికవుతుంది. పొడవైన ప్రోగ్రాములలో మౌస్‌ను లాగుతూ పోతే తెర అదుపు తప్పి పరుగెత్తే బాధ ఉండదు.

మాట అంటే ఏది?

మనిషికి మాట అంటే అర్థమున్న పదం. ఎడిటర్‌కు మాట అంటే రెండు విభజన గుర్తుల మధ్య ఉన్నది. ఖాళీ, కామా, చుక్క, బ్రాకెట్, కూడిక, తీసివేత గుర్తులు విభజన గుర్తులు. కింది గీత అనగా అండర్‌స్కోర్ మాత్రం సాధారణంగా మాటలో భాగంగానే పరిగణింపబడుతుంది. అందుచేత 'టోటల్_మార్క్స్' అనే పేరుపై డబుల్ క్లిక్ చేస్తే మొత్తం పేరు ఎంపికవుతుంది. అదే 'టోటల్-మార్క్స్' అని మధ్యలో అడ్డగీత ఉంటే సగమే ఎంపికవుతుంది. వెబ్ పేజీల కోడ్‌లో అడ్డగీత పేర్లు తరచుగా వస్తాయి కాబట్టి సగం పేరు మాత్రమే కాపీ అయి చిక్కులు తెచ్చిపెట్టడం కద్దు.

మొదట చెప్పిన విద్యార్థిని ఉదంతానికి మూలం కూడా ఇక్కడే ఉంది. ఆమె మార్చదలచుకున్నది 'ఐ' అనే మాటను. కంప్యూటర్‌కు చెప్పింది 'ఐ' అనే అక్షరాన్ని. వెతికి మార్చే పెట్టెలో 'పూర్తి మాట మాత్రమే' అనే అంశానికి టిక్ పెట్టి ఉంటే 'ఇంట్', 'ప్రింట్‌ఎఫ్' మాటల జోలికి ఎడిటర్ వెళ్లేది కాదు. ఈ వెసులుబాటు దాదాపు అన్ని కోడ్ ఎడిటర్లలోనూ ఉంది.

ఒకేసారి పలుచోట్ల

2008లో వెలువడిన సబ్‌లైమ్ టెక్స్ట్ అనే ఎడిటర్‌తో విశేష ప్రాచుర్యం పొందిన సదుపాయం బహుళ కర్సర్లు. తర్వాతి కాలంలో ఇతర ఎడిటర్లలోనూ ఇది సాధారణమైంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఒక పేరుపై కర్సర్ ఉంచి కంట్రోల్+డి నొక్కితే ఆ మాట ఎంపికవుతుంది. మళ్లీ నొక్కితే అదే మాట తదుపరి ఎక్కడ ఉందో అది కూడా చేరుతుంది. ఇలా మూడు చోట్లను చేర్చి కొత్త పేరు టైపు చేస్తే మూడు చోట్లా ఒకేసారి మారుతుంది. మధ్యలో ఒకటి వద్దనుకుంటే కంట్రోల్+కె, వెంటనే కంట్రోల్+డి నొక్కి దాటవేయవచ్చు. పొరపాటున ఒకటి ఎక్కువ చేరితే కంట్రోల్+యు నొక్కి దానిని విడిచిపెట్టవచ్చు. పని పూర్తయిన పిదప ఎస్కేప్ మీట నొక్కితే ఒకే కర్సర్ మిగులుతుంది.

ఈ పద్ధతిలో మేలు ఏమిటంటే, ప్రతి చోటునూ కళ్లతో చూసి ఒప్పుకున్న తర్వాతే చేర్చుకుంటాము. కంట్రోల్+షిఫ్ట్+ఎల్ నొక్కితే ఫైలులో ఉన్నవన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. వేగం ఎక్కువే గానీ, తెర బయట ఉన్నవి కూడా మారిపోతాయని గుర్తుంచుకోవాలి. ఒక వేరియబుల్ లేదా ఫంక్షన్ పేరు మార్చడానికైతే ఎఫ్2 మీట మరింత సురక్షితం. ఆ భాషకు సంబంధించిన అనుబంధ సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు అది అక్షరాలను బట్టి కాక, ఆ పేరు ఏ వేరియబుల్‌దో తెలుసుకుని మారుస్తుంది.

నిలువుగానూ ఎంపిక

సాధారణ ఎంపిక వరుసల వెంట అడ్డంగా సాగుతుంది. పట్టికలా ఉన్న వరుసల్లో ఒక్క గడిని మాత్రమే నిలువుగా తీయవలసి వస్తే నోట్‌ప్యాడ్++లో ఆల్ట్ మీట నొక్కి ఉంచి మౌస్‌తో లాగాలి. విజువల్ స్టూడియో కోడ్‌లో షిఫ్ట్, ఆల్ట్ రెండూ నొక్కి ఉంచి లాగాలి. ఇరవై వరుసల ముందు ఒకే గుర్తు చేర్చవలసినప్పుడు ఇరవైసార్లు టైపు చేసే పని తప్పుతుంది.

బ్రాకెట్లతో తంటాలు పడేవారికి మరో రెండు మీటలు ఉపకరిస్తాయి. విజువల్ స్టూడియో కోడ్‌లో షిఫ్ట్+ఆల్ట్+కుడి బాణం నొక్కిన కొద్దీ ఎంపిక మాట నుంచి వాక్యానికి, వాక్యం నుంచి బ్రాకెట్ల లోపలి భాగానికి, అక్కడి నుంచి ఫంక్షన్‌కు విస్తరిస్తుంది. ఎడమ బాణంతో అదే క్రమంలో కుదించుకుంటుంది. నోట్‌ప్యాడ్++లో కంట్రోల్+బి నొక్కితే తెరిచిన బ్రాకెట్ నుంచి దాని జత బ్రాకెట్‌కు కర్సర్ వెళుతుంది. ముగింపు బ్రాకెట్ మరచిపోయిన విషయం దీనితో ఇట్టే బయటపడుతుంది.

అదే మీట.. వేరే పని

ఒక ఎడిటర్‌లో నేర్చిన మీట మరో దానిలో అదే పని చేస్తుందన్న నమ్మకం లేదు. కంట్రోల్+డి విజువల్ స్టూడియో కోడ్‌లో తదుపరి మాటను ఎంపికలోకి చేరుస్తుంది. నోట్‌ప్యాడ్++లో అదే మీట ప్రస్తుత వరుసకు నకలు తీస్తుంది.

మన రాష్ట్రాల కళాశాలల్లో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న టర్బో సి++ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. బోర్లాండ్ సంస్థ 1990లో దీనిని విడుదల చేసింది. దీని మీటలలో అనేకం 1978 నాటి వర్డ్‌స్టార్ సంప్రదాయం నుంచి వచ్చినవి. విండోస్ సాఫ్ట్‌వేర్లలో సాధారణంగా కంట్రోల్+వై అంటే రద్దు చేసిన మార్పును మళ్లీ అమలు చేయడం. టర్బో సి++లో అదే మీట నొక్కితే కర్సర్ ఉన్న వరుస మొత్తం చెరిగిపోతుంది. అందులో కాపీకి కంట్రోల్+ఇన్‌సర్ట్, అతికించడానికి షిఫ్ట్+ఇన్‌సర్ట్, మార్పు రద్దుకు ఆల్ట్+బ్యాక్‌స్పేస్ వాడాలి. పరీక్షకు కూర్చునే ముందు ఆ కంప్యూటర్‌లో మార్పు రద్దు చేసే మీట ఏదో తెలుసుకోవడం విద్యార్థుల మొదటి కర్తవ్యం.

అర్ధ శతాబ్దపు చరిత్ర

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించారు. అయితే అది సామాన్యుల బల్లపైకి చేరడానికి చాలా కాలం పట్టింది. 1970వ దశకంలో చాలామంది ప్రోగ్రామర్లకు మౌస్ అందుబాటులో లేదు. 1976లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ 'వీఐ' అనే ఎడిటర్‌ను రూపొందించారు. ఆయన వాడిన ఏడీఎం-3ఎ టెర్మినల్‌పై విడిగా బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటలపైనే బాణాల గుర్తులు ముద్రించి ఉండేవి. అందుకే వీఐలో ఆ నాలుగు మీటలే వరుసగా ఎడమ, కింద, పైన, కుడి దిక్కులయ్యాయి.

ఆ బాటలోనే నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో 'విమ్' ఎడిటర్‌ను విడుదల చేశారు. దానిని ఉచితంగా ఇస్తూ, నచ్చినవారు ఉగాండాలోని అనాథ బాలలకు సాయం చేయాలని ఆయన కోరారు. 2023లో ఆయన మరణించే వరకు దాని అభివృద్ధికి నాయకత్వం వహించారు. విమ్‌లో మీటలు వాక్యంలా కూడుకుంటాయి. 'డి' అంటే తొలగించు, 'ఐ' అంటే లోపలి, 'డబ్ల్యూ' అంటే మాట. మూడూ వరుసగా నొక్కితే కర్సర్ కింద ఉన్న మాట తొలగిపోతుంది. మౌస్, బొమ్మల తెర లేని సర్వర్లలో నేటికీ వీఐ లేదా విమ్ తరచుగా అందుబాటులో ఉంటుంది. కనుక సర్వర్ల నిర్వహణ ఉద్యోగాలు కోరే విద్యార్థులు దాని ఓనమాలైనా నేర్చుకోవడం ఉత్తమం. అందులో మార్పు రద్దుకు ఎస్కేప్ నొక్కి 'యు' నొక్కాలి.

కాపీ, అతికింపు పద్ధతికి రూపమిచ్చిన ఘనత జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన లారీ టెస్లర్, టిమ్ మాట్‌లకు చెందుతుంది. 1970వ దశకం మధ్యలో వారు 'జిప్సీ' అనే ఎడిటర్‌ను తయారు చేశారు. ముందు ఎంపిక చేయి, తర్వాత ఆజ్ఞ ఇవ్వు అనే క్రమాన్ని సామాన్యులకు అనువుగా మలచినది అదే. టెస్లర్ 2020లో మరణించారు. నేడు ఫోన్‌లో సందేశాన్ని కాపీ చేసే ప్రతి ఒక్కరూ ఆ క్రమాన్నే పాటిస్తున్నారు.

తెలుగు అక్షరం దగ్గర తికమక

ప్రోగ్రాముల్లో తెలుగు మాటలు కూడా వాడే నేటి రోజుల్లో మరో విషయం తెలుసుకోవాలి. కాగితంపై 'స్త్రీ' ఒకే అక్షరం. కంప్యూటర్ జ్ఞాపకంలో మాత్రం అది ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, చివరగా దీర్ఘమైన గుడి. యూనికోడ్ ప్రమాణం తెలుగును 1991 నాటి తొలి కూర్పు నుంచీ ఈ విధంగానే భద్రపరుస్తోంది.

కర్సర్ ఎక్కడ ఆగాలన్నది ఇక్కడే చిక్కు. యూనికోడ్ పాత నియమాల ప్రకారం 'స్త్రీ'లో స్, త్, రీ అనే మూడు ముక్కలు ఉన్నాయి. అందుచేత కొన్ని సాఫ్ట్‌వేర్లలో కర్సర్ ఒకే అక్షరం మధ్యలో ఆగినట్లు కనిపిస్తుంది. సగం ఎంపిక చేసి తొలగిస్తే మిగిలిన భాగం రూపం మారుతుంది. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 కూర్పులో తెలుగుతో సహా పలు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే ప్రమాణంగా చూసే నియమాన్ని చేర్చారు. అయితే ప్రతి సాఫ్ట్‌వేర్ ఆ నియమాన్ని అమలు చేస్తేనే ఫలితం. డిలీట్, బ్యాక్‌స్పేస్ మీటలు కూడా అనేక చోట్ల వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం అంతా పోకుండా గుడి మాత్రమే పోవడం పలువురికి అనుభవమే. కనుక తెలుగు మాటను దిద్దేటప్పుడు అక్షరం మధ్యలో చెయ్యి పెట్టకుండా, కంట్రోల్+షిఫ్ట్+బాణంతో మాట మొత్తం ఎంపిక చేసి తిరిగి టైపు చేయడమే సులువైన మార్గం.

చూపు లేనివారికి ఇదే బాట

మీటలతో కదలడం కొందరికి వేగం కోసం. చూపు లేనివారికి మాత్రం అదే ఆధారం. మౌస్ బాణం ఎక్కడ ఉందో చూడలేనివారు కీబోర్డుతోనే సమస్తం చేస్తారు. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరపై ఉన్నది చదివి వినిపిస్తుంది. కర్సర్ మాట దాటితే ఆ మాటను, వరుస దాటితే ఆ వరుసను, ఎంపిక చేస్తే ఎంపికైన భాగాన్ని పలుకుతుంది. దాని సాయంతో ప్రోగ్రామర్లుగా పనిచేస్తున్న అంధులు ఉన్నారు. చెయ్యి నొప్పితో మౌస్ పట్టలేనివారికీ, మౌస్ పాడైన ల్యాబ్‌లో కూర్చున్న విద్యార్థికీ ఈ విద్య అక్కరకు వస్తుంది.

సాధన ఇలా..

అన్ని మీటలనూ ఒక్క రోజులో నేర్చుకోవాలని ప్రయత్నిస్తే ఏదీ నిలవదు. వారానికి కొన్ని చొప్పున అలవాటు చేసుకోవాలి.

మొదటి వారం కంట్రోల్+జడ్, హోమ్, ఎండ్, కంట్రోల్+బాణాలు మాత్రమే వాడాలి. రెండవ వారం వాటికి షిఫ్ట్ జోడించాలి. మూడవ వారం కంట్రోల్+జి, బ్రాకెట్ల జత వెతికే మీట నేర్వాలి. నాలుగవ వారం బహుళ కర్సర్లను, నిలువు ఎంపికను ప్రయత్నించాలి. పాత ప్రోగ్రాంకు ఒక నకలు తీసుకుని, అందులో పేర్లు మార్చడం, వరుసలు జరపడం, మళ్లీ కంట్రోల్+జడ్‌తో మొదటికి రావడం సాధన చేస్తే భయం పోతుంది. సొంత కంప్యూటర్ లేనివారు మీటల పట్టికను ఒక కాగితంపై రాసుకుని ల్యాబ్‌కు తీసుకువెళ్లినా చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఒకటుంది. ఎంపిక చేసిన తర్వాత, మరో మీట నొక్కే ముందు, తెర అడుగున ఉన్న పట్టీని ఒకసారి చూడాలి. విజువల్ స్టూడియో కోడ్, నోట్‌ప్యాడ్++ రెండింటిలోనూ ఎన్ని అక్షరాలు ఎంపికయ్యాయో అక్కడ కనిపిస్తుంది. ఐదు అక్షరాల పేరు మార్చబోతూ అక్కడ ఐదు వందలని కనిపిస్తే చెయ్యి ఆపాలి. చెరువు గండి వార్త పోగొట్టుకున్న నాడు ఈ విలేకరికి ఆ ఒక్క అలవాటు ఉండి ఉంటే సరిపోయేది.

అధ్యాపకులు సైతం మొదటి ల్యాబ్ తరగతిలో ఒక గంటను ఈ అంశానికి కేటాయిస్తే విద్యార్థులకు మూడేళ్ల పాటు ఉపకరిస్తుంది. దీనికి కొత్త కంప్యూటర్లు గానీ, అదనపు ఖర్చు గానీ అవసరం లేదు. ప్రతి ల్యాబ్‌లోనూ ఉన్న కీబోర్డే చాలు. మార్కులు పోగొట్టుకున్న ఆ విద్యార్థిని తర్వాతి పరీక్ష నాడు కంప్యూటర్ ముందు కూర్చోగానే చేసిన మొదటి పని ఒక అక్షరం టైపు చేసి, దానిని రద్దు చేసే మీట పనిచేస్తోందో లేదో చూసుకోవడం. ఆ తర్వాతే ప్రశ్నపత్రం తెరిచింది.